అడవి జంతువు బండికి తగిలితే: రోడ్డు పక్క నుంచి క్లెయిమ్ పూర్తయ్యేదాకా ఏం చేయాలి

అడవి జంతువు అడ్డం వచ్చి బండికి తగలగానే చాలామంది చేసే మొదటి పని, బండి స్టార్ట్ అవుతోందా లేదా చూడటం. అవుతుంటే బయల్దేరిపోతారు. చీకటి, భయం, చుట్టూ ఎవరూ లేకపోవడం, కళ్ల ముందు ఆ మూగప్రాణి పడి ఉండటం, ఇవన్నీ కలిసి అక్కడ నిలబడనివ్వవు. కానీ బండికి పెద్ద నష్టం, క్లెయిమ్‌కు పెద్ద చిక్కు వచ్చేది తరచూ ఆ తర్వాతి కొన్ని కిలోమీటర్లలోనే. పగిలిన రేడియేటర్‌తో నడిపి ఇంజిన్ పట్టేసిందంటే, బంపర్‌కు డబ్బులిచ్చే ఇన్సూరెన్స్ కంపెనీయే ఇంజిన్‌కు ఇవ్వనంటుంది. ఫోటోలు తీయకుండా వచ్చేస్తే, తగిలింది జంతువే అని చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. అందుకే రోడ్డు పక్కన గడిపే ఆ కాసేపటి గురించే ఇక్కడ ఎక్కువగా చెబుతున్నాను. చట్టాలు, పాలసీ షరతులు దేశాన్ని బట్టి మారతాయి. ముఖ్యమైన తేడాలు ఎక్కడికక్కడ చెబుతాను.

ముందు మనుషుల సంగతి

బండిని వీలైనంత రోడ్డు పక్కకు తీసి ఆపండి. హజార్డ్ లైట్లు వేయండి. పెట్రోలు వాసన గానీ పొగ గానీ వస్తుంటే వెంటనే ఇంజిన్ ఆపేసి అందరూ దూరంగా జరగండి. ట్రాఫిక్ లేని వైపు తలుపు తీసి దిగండి. దిగాక కారుకు ముందో వెనకో నిలబడి మాట్లాడుకోవడం చాలా ప్రమాదం, వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్లకు మీరు కనపడరు. రోడ్డు అంచున రెయిలింగ్ ఉంటే దానికి అవతల నిలబడండి. హెచ్చరిక త్రిభుజం ఉంటే, బండ్లు వేగంగా వెళ్లే రోడ్డు మీద దాన్ని వంద మీటర్లకు తగ్గకుండా వెనక పెట్టాలి. బ్రిటన్ మోటార్‌వేల మీద మాత్రం త్రిభుజం వాడకూడదని అక్కడి హైవే కోడ్ చెబుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. జింకలు, దుప్పులు, అడవిపందులు గుంపులుగా తిరుగుతాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకా ఉన్నాయనే అనుకోవాలి. మీరు రోడ్డు మధ్యలో నిలబడి బంపర్ చూసుకుంటున్నప్పుడే రెండోది దూకవచ్చు.

ఎవరికైనా దెబ్బలు తగిలాయేమో ఒక్కొక్కరినీ అడిగి చూడండి. షాక్‌లో ఉన్నప్పుడు నొప్పి తెలియదు. ముఖ్యంగా మెడనొప్పి మర్నాడు బయటపడుతుంది. బైకు మీద నుంచి పడినవాళ్లు వెంటనే లేచి నిలబడే ప్రయత్నం చేయకూడదు. కాళ్లూ చేతులూ కదుపుతూ, వెన్నులోగానీ మెడలోగానీ నొప్పి లేదని తెలిశాకే మెల్లగా లేవాలి. ఇండియాలో 112కు ఫోన్ చేస్తే పోలీసు, ఫైర్, అంబులెన్సు అన్నింటికీ కలుపుతారు. అంబులెన్సుకు చాలా రాష్ట్రాల్లో 108 ఉంది. జాతీయ రహదారి మీదైతే 1033 హెల్ప్‌లైన్ పనిచేస్తుంది. యూరప్ దేశాల్లో 112, బ్రిటన్‌లో 999, అమెరికా, కెనడాలో 911, ఆస్ట్రేలియాలో 000.

జంతువు దగ్గరికి వెళ్లకండి, వదిలేసి వెళ్లకండి

ఈ రెండూ పాటించాలి. గాయపడిన జంతువుకు మీరు సాయం చేయడానికి వస్తున్నారని తెలియదు. మీరు దగ్గరికి వచ్చేకొద్దీ అది ప్రాణభయంతో లేచి తిరగబడుతుంది. అడవిపంది కోర, దుప్పి కొమ్ము, కంగారూ కాలిగోరు మనిషి ప్రాణం తీయగలవు. చనిపోయినట్టు కదలకుండా పడి ఉన్నది హఠాత్తుగా లేవవచ్చు. దూరంగా ఉండండి, కేకలు వేయకండి, దాని కళ్లలోకి లైటు కొట్టకండి. బాధ చూడలేక దాన్ని చంపాలని ప్రయత్నించడం కూడా తగదు. అది చట్టప్రకారం నేరం కావచ్చు, మీకు ప్రమాదం ఎలాగూ ఉంది. నీళ్లు తాగించబోవడం కూడా మంచిది కాదు.

మీరు చేయగలిగిన అసలైన సాయం ఫోన్ చేయడమే. ఇండియాలో అటవీ శాఖకు గానీ, నంబరు దొరక్కపోతే 112కు గానీ చెప్పండి. జంతువు కుంటుకుంటూ అడవిలోకి వెళ్లిపోయినా చెప్పాల్సిందే. లోపలి గాయాలతో రోజుల తరబడి నరకయాతన పడే ప్రాణిని వెతికి పట్టుకోగలిగేది ఆ సిబ్బందే. వాళ్లకు ఎటు వెళ్లిందో తెలియాలి కాబట్టి అది పొదల్లోకి దూరిన చోట ఏదైనా గుర్తు పెట్టండి. స్వీడన్‌లో దీన్ని చట్టమే అడుగుతుంది: మూస్, జింక, అడవిపంది, ఎలుగుబంటి, తోడేలు వంటివి తగిలితే పోలీసులకు చెప్పాలి, స్థలానికి గుర్తు పెట్టాలి. జర్మనీలో పోలీసు గానీ ఆ ప్రాంతపు వేట అధికారం ఉన్నవారు గానీ వచ్చి ప్రమాద ధ్రువపత్రం ఇస్తారు, ఇన్సూరెన్స్ కంపెనీ అడిగేది ఆ కాగితాన్నే. బ్రిటన్‌లో 1988 రోడ్డు ట్రాఫిక్ చట్టం ప్రకారం తప్పనిసరిగా తెలపాల్సిన జాబితాలో కుక్క, గుర్రం, పశువులు, గొర్రె, మేక, పంది, గాడిద వంటివి ఉన్నాయి, అడవి జింక లేదు. అయినా గాయపడిన జింక రోడ్డు మీద ఉంటే పోలీసులకు చెప్పడమే మంచిది, తర్వాత వచ్చే బైకు దాన్ని గుద్దుకుంటుంది.

ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేకమైన విషయం. కంగారూ, వాలబీ చనిపోయినా దాని సంచిలో పిల్ల బతికి ఉండవచ్చు. వన్యప్రాణి రక్షణ సంస్థకు ఫోన్ చేసి వాళ్లు చెప్పినట్టు చేయండి. చనుమొన పట్టుకుని ఉన్న పిల్లను లాగకండి, నోరు చీరుకుపోతుంది.

చనిపోయిన జంతువును బండిలో వేసుకోవాలనే ఆలోచన అసలు వద్దు. కొమ్ము, గోరు, నెమలి ఈక, మాంసం, ఏదీ ముట్టుకోవద్దు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు పొరపాటున చనిపోయినా ప్రభుత్వ ఆస్తే. అలాంటిది చేతికి వచ్చినవారు 48 గంటల్లోగా పోలీసులకో అధీకృత అధికారికో తెలపాలని ఆ చట్టంలోని 39వ సెక్షన్ చెబుతుంది. జర్మనీలో తీసుకెళితే దొంగవేట కింద కేసు పెడతారు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు పర్మిట్ తీసుకుంటే అనుమతిస్తాయి, పర్మిట్ లేకుండా అక్కడా నేరమే.

అభయారణ్యం గుండా వెళ్లే దారిలో ప్రమాదం జరిగితే అటవీ శాఖ కేసు పెట్టి వాహనాన్ని స్వాధీనం చేసుకునే సందర్భాలు ఇండియాలో ఉన్నాయి. రాత్రి రాకపోకలు నిషేధించిన దారిలో, నిషేధ సమయంలో వెళ్లి ఉంటే పరిస్థితి ఇంకా క్లిష్టం. ఆ భయంతోనే చాలామంది ఆగరు. కానీ చెక్‌పోస్టుల్లో బండి నంబర్లు రాసుకుంటారు, కెమెరాలుంటాయి. ఆగి, మీరే ఫోన్ చేసి చెప్పిన మనిషికీ, పారిపోయి దొరికిన మనిషికీ అధికారుల ముందు చాలా తేడా ఉంటుంది.

ఫోటోలు: తర్వాత మళ్లీ దొరకని సాక్ష్యం

మీరు, తోటివాళ్లు సురక్షితంగా ఉన్నారని తెలిశాక ఫోన్ తీయండి. దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రండి.

ముందు బండి, రోడ్డు, చుట్టుపక్కల కలిసి వచ్చేలా తీయండి. దగ్గర్లో కిలోమీటరు రాయి గానీ జంతువుల హెచ్చరిక బోర్డు గానీ ఉంటే అవీ రావాలి. టైర్లు రాసుకుపోయిన గుర్తులుంటే తీయండి. జంతువు అక్కడే ఉంటే ఉన్నచోటు నుంచే జూమ్ చేసి తీయండి. తర్వాత నంబరు ప్లేటు కనపడేలా బండి నాలుగు వైపులా. ఆపైన దగ్గర ఫోటోలు. ఇక్కడే ఓపిక కావాలి. గ్రిల్ సందుల్లో, పగిలిన హెడ్‌లైట్ అంచున, నంబరు ప్లేటు స్క్రూల దగ్గర, చక్రం పైనుండే ప్లాస్టిక్ లైనర్ అంచుల్లో వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయి. నెత్తుటి మరకలు, ఈకలు కూడా. ఒక్కో చోట వేలెడంత దగ్గరగా ఒకటి, కాస్త వెనక్కి జరిగి అది బండిలో ఏ భాగమో తెలిసేలా ఇంకొకటి తీయండి. డాష్‌బోర్డులో ఓడోమీటర్, వెలిగిన హెచ్చరిక లైట్లు, బండి కింద కారిన ద్రవం, ఇవీ తీయండి. చివరగా బండి చుట్టూ తిరుగుతూ ఒక వీడియో తీసి, అందులో తేదీ, సమయం, స్థలం మీ నోటితోనే చెప్పండి. మ్యాప్‌లో మీ లొకేషన్ సేవ్ చేసుకోండి, అడవి దారిలో జరిగిన చోటు తర్వాత గుర్తుపట్టడం కష్టం.

డాష్‌క్యామ్ ఉన్నవాళ్లు ఆ క్లిప్‌ను అక్కడే లాక్ చేయండి, లేదా మెమరీ కార్డు తీసేయండి. ఆ కెమెరాలు పాతవాటి మీద కొత్తవి రాసుకుంటూ పోతాయి. ఇంటికి వెళ్లి చూద్దామనుకుంటే అప్పటికి అది చెరిగిపోయి ఉండవచ్చు.

వర్షం పడుతుంటే వెంట్రుకలు కొట్టుకుపోతాయి. ఫోటో తీశాక బండికి చిక్కుకున్న కొన్ని వెంట్రుకలను కాగితపు కవరులో వేసి దాచండి. ప్లాస్టిక్ కవరులో తేమ పట్టి కుళ్లుతాయి. ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, అడవి జంతువుల ఒంటి మీద పేలు, పిడుదులు ఉంటాయి. మీ ఒంటి మీద తెగిన గాయానికి జంతువు లాలాజలం తగిలి ఉంటే సబ్బుతో బాగా కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి, రేబిస్ ప్రమాదం ఉంటుంది.

నష్టం అంచనా వేయడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్ చూసేదాకా బండి కడగకూడదు. వాసన వస్తోందనో, చూడలేకపోతున్నామనో మర్నాడు పొద్దున్నే వాటర్ సర్వీసుకు ఇచ్చేస్తారు. ఆ నీళ్లతో పాటే సాక్ష్యం పోతుంది.

బండి నడపవచ్చా?

నా సలహా, ఏ మాత్రం అనుమానం ఉన్నా టోయింగ్ పిలవండి. ఎందుకో చెబుతాను.

కారు ముందు భాగంలో బంపర్ వెనకాలే ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్, ఫ్యాను ఉంటాయి. ప్లాస్టిక్ బంపర్‌కు దెబ్బ తగిలితే లోపలికి వంగి, మళ్లీ బయటికి వచ్చేస్తుంది. పైకి గీతలే కనిపిస్తాయి, లోపల రేడియేటర్ చీలి ఉంటుంది. బండి కింద ఆకుపచ్చ, గులాబీ, నారింజ రంగుల్లో ఏదైనా ద్రవం కారుతుంటే అది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. రంగు లేని ఒట్టి నీళ్లయితే ఏసీవి కావచ్చు. నల్లగానో గోధుమరంగులోనో జిడ్డుగా ఉంటే ఆయిల్. కూలెంట్ గానీ ఆయిల్ గానీ కారుతున్న బండిని ఇక స్టార్ట్ చేయకూడదు. టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉందని ధైర్యం చెప్పుకోకండి. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సార్‌కు తగలడానికి ద్రవమే ఉండదు, ముల్లు సరిగ్గా చూపించకపోవచ్చు. ఆలోపు ఇంజిన్ హెడ్ వంగిపోతుంది.

ఇంకా చూడాల్సినవి: బానెట్ గట్టిగా పడి ఉందా? గొళ్లెం వంగి ఉంటే వేగం పెరగగానే బానెట్ లేచి అద్దం మీద పడుతుంది. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పినప్పుడు ఏదైనా టైరుకు రాసుకుంటోందా? బ్రేక్ పెడల్ మామూలుగానే ఉందా? రాత్రిపూట రెండు హెడ్‌లైట్లూ వెలుగుతున్నాయా? ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుని ఉంటే ఇక ప్రశ్నే లేదు, టోయింగే. ఎలక్ట్రిక్ కారు అయితే నారింజ రంగు వైర్ల జోలికి పోకండి. కింద బ్యాటరీకి దెబ్బ తగిలినట్టు అనిపించినా, బుసకొట్టినట్టు శబ్దం గానీ వింత వాసన గానీ వచ్చినా దూరంగా జరిగి ఫైర్ సర్వీసుకు చెప్పండి. దెబ్బతిన్న బ్యాటరీ కొన్ని గంటల తర్వాత కూడా అంటుకోవచ్చు కాబట్టి అలాంటి కారును ఇంటి పక్కన, గ్యారేజీ లోపల పెట్టకూడదు.

బైకు అయితే ముందు ఫోర్కు, రిమ్ము, డిస్కు చూడండి. హ్యాండిల్ నిటారుగా పట్టుకున్నా చక్రం పక్కకు చూస్తుంటే ఫోర్కు వంగినట్టే, ఎక్కవద్దు. నేలకు కొట్టుకున్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. లోపలి థర్మోకోల్ పొర ఒక్కసారి నలిగితే రెండో దెబ్బకు కాపాడదు.

ఇప్పుడు ఇన్సూరెన్స్ కోణం. ఇండియాలో మోటార్ పాలసీ షరతుల్లో ఈ విషయం సూటిగా ఉంటుంది: ప్రమాదం తర్వాత రిపేరు చేయించకుండా బండి నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం పూర్తిగా యజమానిదే. బండిని జాగ్రత్తలు తీసుకోకుండా వదిలేసి వెళ్లకూడదని కూడా అదే షరతు చెబుతుంది. చాలా పాలసీలతో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కలిసి వస్తుంది, ముందు ఆ నంబరుకు చేయండి. మీరే టోయింగ్ మాట్లాడుకుంటే రసీదు తప్పక తీసుకోండి. ఆటోమేటిక్, నాలుగు చక్రాల డ్రైవ్, ఎలక్ట్రిక్ బండ్లను చక్రాలు దొర్లేలా లాక్కెళ్లకూడదు, పూర్తిగా పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ కావాలని ముందే చెప్పండి.

మీ పాలసీ దేనికి ఇస్తుంది?

ఇండియాలో ఇతరులకు జరిగిన నష్టానికే ఇచ్చే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ బండి రిపేరుకు ఏమీ రాదు. ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) కూడా కలిసిన ప్యాకేజీ పాలసీ గానీ, విడిగా తీసుకున్న ఓన్ డ్యామేజ్ పాలసీ గానీ ఉండాలి. అది ఉంటే, బయటి కారణం వల్ల జరిగిన ప్రమాదం కింద జంతువు ఢీకొట్టడమూ వస్తుంది, జంతువును తప్పించబోయి చెట్టును గుద్దడమూ వస్తుంది.

అమెరికాలో ఈ రెంటికీ మధ్య గీత ఉంది. జంతువు తగిలితే కాంప్రెహెన్సివ్ కవరేజీ కింద ఇస్తారు. జంతువును తప్పించబోయి, దానికి తగలకుండా చెట్టునో రెయిలింగ్‌నో గుద్దితే అది కొలిజన్ కిందికి వెళుతుంది. రెండింటికీ డిడక్టిబుల్, అంటే మీరే భరించాల్సిన మొత్తం, వేరుగా ఉండవచ్చు, కొందరికి రెండోది అసలు ఉండదు. జర్మనీలో సొంత బండి నష్టానికి తీసుకునే పాక్షిక కాస్కో పాలసీ, వేట చట్టం లెక్కలోకి వచ్చే బొచ్చున్న అడవి జంతువులు తగిలితే ఇస్తుంది. జింక, అడవిపంది, నక్క, కుందేలు అందులోకి వస్తాయి. పక్షులు తదితరాలకు ఇచ్చేలా విస్తరించిన పాలసీలూ ఉన్నాయి. ఇలాంటి చోట్ల గ్రిల్‌లో చిక్కిన నాలుగు వెంట్రుకలు మీ క్లెయిమ్ ఏ ఖాతాలో పడుతుందో తేలుస్తాయి.

జంతువు తగలకుండానే బండి రోడ్డు దిగిపోయి ఉంటే అలాగే చెప్పండి. తగిలిందని రాస్తే ఎక్కువ వస్తుందని ఎవరైనా సలహా ఇస్తారు. దెబ్బ ఎత్తు, దిశ, లోపలికి నొక్కుకున్న తీరు చూసి సర్వేయర్ తేల్చేస్తాడు. అబద్ధం తేలితే మొత్తం క్లెయిమ్ పోతుంది.

కంపెనీకి చెప్పేటప్పుడు

అక్కడి నుంచే, కుదరకపోతే అదే రోజు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. ఎవరితో, ఎన్ని గంటలకు మాట్లాడారో రాసిపెట్టుకోండి. ఫారంలో చూసింది చూసినట్టు చిన్న వాక్యాల్లో రాయండి: ఎటు నుంచి ఎటు వెళుతున్నారు, ఎంత వేగంలో ఉన్నారు, జంతువు ఎటు వైపు నుంచి వచ్చింది, బ్రేకు వేశారా, బండిలో ఏ భాగానికి తగిలింది, ఆ తర్వాత జంతువు ఏమైంది. ఏ జంతువో కచ్చితంగా తెలియకపోతే ఊహించి పేరు రాయవద్దు. ‘దుప్పి అంత ఎత్తున్న నాలుగు కాళ్ల జంతువు’ అని రాస్తే చాలు. మీరు దుప్పి అని రాసి, దొరికిన వెంట్రుకలు అడవిపందివైతే అనవసరమైన అనుమానం మొదలవుతుంది.

లైసెన్సు, ఆర్‌సీ, పాలసీ కాపీలు సిద్ధంగా పెట్టుకోండి. మనుషులకు గాయాలైనా, వేరే బండికి తగిలినా పోలీసు రిపోర్టు తప్పనిసరిగా అవసరం పడుతుంది. అటవీ శాఖ గానీ పోలీసులు గానీ వచ్చి ఉంటే వాళ్లు రాసుకున్న దాని కాపీ, కనీసం రిఫరెన్సు నంబరు అడగండి. అద్దె కారు అయితే ముందు ఆ సంస్థకు ఫోన్ చేయాలి, వాళ్ల అనుమతి లేకుండా ఏ గ్యారేజీకీ ఇవ్వకూడదు.

సర్వేయర్, గ్యారేజీ

సర్వేయర్ వచ్చినప్పుడు మీరు దగ్గర ఉండండి. ఫోటోలు చూపించండి, వెంట్రుకలున్న చోట్లు చూపించండి. ఆయన అనుమతి రాకముందే ఏ భాగమూ విప్పవద్దని గ్యారేజీకి ముందే చెప్పండి.

మొదటి ఎస్టిమేట్ పైకి కనిపించిన దానికే వేస్తారు. బంపర్ విప్పాక అసలు సంగతి తెలుస్తుంది: లోపలి ఇనుప బీమ్ వంగి ఉండటం, హెడ్‌లైట్ పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవులు విరిగి ఉండటం, కండెన్సర్ నొక్కుకుపోవడం. పొడవు కాళ్ల జంతువు బానెట్ మీదికి దొర్లి ఉంటే అద్దం పక్క పిల్లర్లు, పైకప్పు కూడా కొలవాలి. విప్పాక బయటపడ్డ ప్రతిదానికీ అదనపు ఎస్టిమేట్ పంపి, సర్వేయర్‌తో మళ్లీ చూపించాలి. ఇది మామూలు పద్ధతే, అడగడానికి మొహమాటపడకండి. అది దాటవేస్తే ఆ ఖర్చు మీ మీద పడుతుంది.

కొత్త కార్లలో గ్రిల్ వెనకో లోగో వెనకో రాడార్, అద్దం వెనక కెమెరా ఉంటాయి. తనంతట తాను బ్రేకు వేసే వ్యవస్థలు వీటి మీదే ఆధారపడతాయి. రాడార్ పగలకపోయినా, పట్టీ కాస్త వంగి దాని చూపు కొద్దిగా పక్కకు జరిగితే చాలు, దూరంలో ఉన్న బండిని అది తప్పుగా అంచనా వేస్తుంది. అందుకే బంపర్ గానీ ముందు అద్దం గానీ మార్చినప్పుడు క్యాలిబ్రేషన్, అంటే వాటి చూపును మళ్లీ సరిచేయడం, చేయించి, ఆ రిపోర్టు తీసుకోవాలి. దాని ఖర్చును ఎస్టిమేట్‌లోనే చేర్పించండి.

బిల్లు నేరుగా కంపెనీయే కట్టే క్యాష్‌లెస్ గ్యారేజీ అయినా మీ జేబులోంచి కొంత పోతుంది. ఇండియాలో మామూలు పాలసీ కింద ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి 50 శాతం, ఫైబర్ గ్లాస్ భాగాలకు 30 శాతం తరుగుదల తీసేస్తారు, గాజుకు తరుగుదల లేదు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి పెరుగుతుంది. జంతువు తగిలితే దెబ్బతినేవి ఎక్కువగా బంపర్, గ్రిల్, లైనర్, హెడ్‌లైట్ లాంటి ప్లాస్టిక్ భాగాలే కాబట్టి ఈ కోత బాగా తెలుస్తుంది. తరుగుదల తీసేయకుండా ఇచ్చే జీరో డెప్ యాడ్ ఆన్ (అదనపు కవరు) ఉంటే ఇది తప్పుతుంది. తప్పనిసరి డిడక్టిబుల్ మాత్రం అది ఉన్నా లేకపోయినా ఉంటుంది. ఏ భాగానికి ఎంత ఒప్పుకున్నారు, దేన్ని ఎందుకు కాదన్నారు అన్నది రాతలో అడిగి తీసుకోండి.

చిన్న దెబ్బకు క్లెయిమ్ పెట్టాలా అంటే, లెక్క వేసి చూడాలి. ఇండియాలో క్లెయిమ్ లేని ఏడాదికి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే నో క్లెయిమ్ బోనస్, తప్పు మీది కాకపోయినా క్లెయిమ్ తీసుకోగానే పోతుంది, ఆ బోనస్‌ను కాపాడే యాడ్ ఆన్ ఉంటే తప్ప. తరుగుదల, డిడక్టిబుల్ పోగా చేతికి వచ్చేదాన్ని, రాబోయే ఏళ్లలో పోయే బోనస్‌తో పోల్చండి. అయితే బంపర్ విప్పి చూడకుండా ఈ లెక్క వేయకండి, గీతే కదా అనుకున్నది కండెన్సర్‌గా తేలుతుంది.

రిపేరు ఖర్చు బాగా పెరిగితే బండిని టోటల్ లాస్ కింద తేలుస్తారు. ఇండియాలో పాలసీలో రాసిన విలువ, అంటే ఐడీవీలో 75 శాతం దాటితే ఇలా జరుగుతుంది. బండి మీద లోను ఉంటే ఆ డబ్బు ముందు బ్యాంకుకు వెళుతుంది.

బండి తిరిగి తీసుకునేటప్పుడు

పగటి వెలుతురులో చూడండి, రంగు తేడా లైట్ల కింద తెలియదు. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఏసీ చల్లబడుతోందా, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందా, డాష్‌బోర్డులో ఏ లైటైనా వెలిగే ఉందా చూడండి. హెడ్‌లైట్ల వెలుగు ఎంత ఎత్తులో పడుతోందో చీకటి పడ్డాక గోడ ముందు ఆపి చూసుకోండి. వారం రోజుల దాకా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం గమనించండి. బండి కింద ఇరుక్కున్న మాంసపు ముక్కల వల్ల వాసన వస్తుంటుంది. సర్వే అయిపోయింది కాబట్టి ఇప్పుడు కింది భాగం పూర్తిగా కడిగించి, క్యాబిన్ ఫిల్టర్ మార్పించండి. పిల్లల సీటు ఉంటే, గట్టి దెబ్బ తగిలిన బండిలోని ఆ సీటును మళ్లీ వాడకండి. దాని ఖర్చు క్లెయిమ్‌లో వస్తుందేమో కంపెనీని అడగండి, చాలా దేశాల్లో ఇస్తారు.

క్లెయిమ్ కాదంటే

ఫోన్‌లో చెప్పిన మాటతో ఆగిపోకండి. పాలసీలో ఏ షరతు కింద కాదంటున్నారో రాతలో అడగండి. ఆ షరతు చదివి, దానికి సమాధానంగా మీ ఫోటోలు, డాష్‌క్యామ్ క్లిప్, అటవీ శాఖ లేదా పోలీసు కాగితం, టోయింగ్ రసీదు జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపండి. దెబ్బతిన్నాక బండి నడిపారన్న అభ్యంతరానికి టోయింగ్ రసీదు, ప్రమాద స్థలంలోనూ గ్యారేజీలోనూ తీసిన ఓడోమీటర్ ఫోటోలు సరైన జవాబు.

అక్కడ తేలకపోతే ఇండియాలో బీమా నియంత్రణ సంస్థకు చెందిన బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. కంపెనీ కాదన్నా, నెల దాటినా జవాబివ్వకపోయినా, ఇలాంటి వివాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. బ్రిటన్‌లో ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీసుకు, కంపెనీ తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు. ఆస్ట్రేలియాలో ఏఎఫ్‌సీఏ అనే ఆర్థిక ఫిర్యాదుల సంస్థ, అమెరికాలో ఆయా రాష్ట్రాల బీమా శాఖ ఉన్నాయి. ఇండియాలో అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు లేదు, మీ తరఫున లాయరు వాదించడానికీ వీల్లేదు. కాబట్టి కాగితాలన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టుకుని, జరిగింది జరిగినట్టు మీరే చెప్పండి.